వ్యాయామంలో ఖర్చయ్యే కేలరీలు చూసుకోవడానికి ఏది కొనాలి: వాచా, బ్యాండా, ఛాతీ పట్టీయా?

కొత్తబూట్లు

అందరికీ నమస్కారం. రోజూ పొద్దున వేగంగా నడుస్తాను. వారంలో కొన్ని రోజులు జిమ్‌లో బరువులు ఎత్తుతాను. వీలు దొరికితే ఈత. బరువు తగ్గాలని పట్టుబట్టి చేస్తున్నాను. తినేవన్నీ యాప్‌లో రాసుకుంటున్నాను కాబట్టి లోపలికి ఎంత పోతోందో ఒక లెక్క ఉంది. ఖర్చు సంగతే తేలడం లేదు. ట్రెడ్‌మిల్ మీద ఒక అంకె కనిపిస్తుంది, ఫోన్‌లో ఇంకొకటి. ఒకే నడకకి ఆ రెండింటికీ పొంతన ఉండదు.

అందుకని కేలరీలు సరిగ్గా చూపించే పరికరం ఒకటి కొనుక్కుందామని చూస్తున్నాను. వాచ్ మంచిదా, సన్నటి బ్యాండ్ చాలా? ఉంగరాలు కూడా వస్తున్నాయి కదా, అవి పనికొస్తాయా? ఛాతీకి కట్టుకునే పట్టీ సంగతేంటి? నోటిఫికేషన్లు, పాటలు, ఫోన్ కాల్స్ నాకు అక్కర్లేదు. కేలరీల అంకె నమ్మదగ్గదిగా ఉంటే చాలు. వాడుతున్నవాళ్లు చెప్పండి.

పరుగుపిచ్చి

అక్కా, ముందు ఒక మాట. ఇందులో ఏ పరికరమూ కేలరీలను కొలవదు. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, చెయ్యి ఎలా ఊగుతోంది, జీపీఎస్ ఉంటే ఎంత దూరం వెళ్లాం, అది కొలిచేది ఇంతవరకే. వీటికి మనం యాప్‌లో ఇచ్చిన వయసు, బరువు, ఎత్తు, ఆడా మగా అన్నవి కలిపి లోపలున్న సూత్రం ఒక అంకె తేలుస్తుంది. సూత్రం కంపెనీకో రకం. మీ ట్రెడ్‌మిల్‌కీ ఫోన్‌కీ పొంతన లేకపోవడానికి కారణం అదే.

కాబట్టి కొనేముందు చూడాల్సింది, మీరు చేసే వ్యాయామంలో అది గుండె వేగాన్ని సరిగ్గా పట్టుకుంటుందా లేదా అని. అది తప్పితే ఎంత మంచి సూత్రమైనా ఏం చేయలేదు.

నేను పరుగెత్తేవాణ్ణి. చేతికి వాచ్, ఛాతీకి పట్టీ రెండూ వాడతాను. చలిగా ఉన్న రోజున పరుగు మొదలుపెట్టగానే వాచ్ గుండె వేగం నిమిషానికి 165 అని చూపిస్తుంది, అదే సమయంలో ఛాతీ పట్టీ 120 దగ్గర ఉంటుంది. ఆ 165 గుండెది కాదు, అడుగులది. నిమిషానికి నా అడుగులు దాదాపు అన్నే పడతాయి. చేతులు చల్లబడి చర్మం కింద రక్తం తక్కువగా పారుతుంటే వాచ్‌కి నాడి సరిగ్గా అందదు, అడుగుల అదురునే నాడి అనుకుంటుంది. ఒళ్లు వేడెక్కాక రెండు అంకెలూ కలుస్తాయి. ఆలోపు వాచ్ లెక్కేసిన కేలరీలన్నీ ఎక్కువే.

గుండెలయ

పరుగుపిచ్చి గారు చెప్పింది నిజం. నేను వ్యాయామానికి సంబంధించిన పరీక్షలు చేసే ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి అసలు కొలత ఎలా ఉంటుందో చెబుతాను.

మనిషిని ట్రెడ్‌మిల్ ఎక్కించి ముక్కూ నోరూ మూసేలా మాస్క్ కడతాం. పీల్చిన గాలిలో ఆక్సిజన్ ఎంత వాడాడు, కార్బన్ డయాక్సైడ్ ఎంత వదిలాడు అన్నది యంత్రం చూస్తుంది. శరీరం ఒక లీటర్ ఆక్సిజన్ వాడితే సుమారు 5 కిలోకేలరీలు ఖర్చయినట్టు. (వాచ్‌లో, యాప్‌లో కేలరీ అని రాసేది ఈ కిలోకేలరీనే.) గుండె వేగం, ఆక్సిజన్ వాడకం చాలావరకు కలిసి పెరుగుతాయి. వాచ్ ఆ సంబంధం మీదే ఆధారపడుతుంది. ఆక్సిజన్‌ని అది చూడలేదు, గుండెని చూసి ఊహిస్తుంది.

ఈ సంబంధం నిలకడగా సాగే వ్యాయామంలో బాగా కుదురుతుంది. నడక, పరుగు, సైకిల్ అలాంటివి. కాసేపు గట్టిగా, కాసేపు ఆగి చేసేవాటిలో చెదిరిపోతుంది. పైగా మనిషికీ మనిషికీ తేడా ఉంది. బాగా సాధన ఉన్నవాడి గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం తోస్తుంది కాబట్టి అదే పనికి వేగం తక్కువ ఉంటుంది. ఎండలో, నీళ్లు తాగనప్పుడు, కాఫీ తాగినప్పుడు, మనసు కంగారుగా ఉన్నప్పుడు పని అంతే అయినా గుండె వేగం పెరుగుతుంది.

2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 60 మంది మీద ఏడు పరికరాలను ఇలాగే పరీక్షించారు. ఆపిల్ వాచ్, ఫిట్‌బిట్ సర్జ్, శామ్‌సంగ్ గేర్ ఎస్2 వంటివి అందులో ఉన్నాయి. గుండె వేగం విషయంలో ఏడింటిలో ఆరు 5 శాతం లోపు తేడాతోనే చూపించాయి. కేలరీల దగ్గరికి వచ్చేసరికి అన్నిటికన్నా మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది, అన్నిటికన్నా వెనకబడ్డది 93 శాతం. ఆ మోడళ్లు ఇప్పుడు పాతబడ్డాయి, సెన్సర్లు బాగుపడ్డాయి. అయినా గుండె నుంచి కేలరీకి వెళ్లే మెట్టు దగ్గర ఇబ్బంది అలాగే ఉంది.

కొత్తబూట్లు

గుండెలయ గారూ, ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. 27 శాతం తప్పేదే మెరుగైనదైతే నేను కొనడం దండగ కదా? వాచ్ 400 చూపిస్తే అసలు 300 అయి ఉండొచ్చన్నమాట. తినే లెక్కలో 100 కేలరీలంటే నాకు చిన్న విషయం కాదు.

రెండుచక్రాలు

దండగే. కేలరీల కోసమైతే చేతికి ఏదీ కట్టుకోకండి.

నాకు తెలిసి నమ్మదగ్గ కేలరీ లెక్క సైకిల్ మీదే ఉంది, అది కూడా పవర్ మీటర్ ఉంటేనే. పెడల్ మీద పడిన బలాన్ని నేరుగా కొలుస్తుంది. గంట తొక్కితే 600 కిలోజౌళ్ల పని జరిగిందని చూపిస్తుంది అనుకుందాం. ఒక కిలోకేలరీ అంటే 4.184 కిలోజౌళ్లు. మన శరీరం ఖర్చు చేసే శక్తిలో 20 నుంచి 25 శాతమే పెడల్ దాకా చేరుతుంది, మిగతాది వేడి. ఈ రెండూ ఒకదాన్నొకటి దాదాపు కొట్టేసుకుంటాయి. అందుకే 600 కిలోజౌళ్లు కనిపిస్తే శరీరం ఖర్చు చేసింది 600 కిలోకేలరీలో, ఇంకాస్త ఎక్కువో. గుండె వేగంతో పనే లేదు. నడకకీ బరువులకీ ఇలాంటి కొలత లేదు కాబట్టి అక్కడ ఏ అంకెనీ నేను పట్టించుకోను.

ఇనుపరాడ్

బరువుల సంగతి నేను చెబుతాను. ఇక్కడ చేతి వాచ్ పరిస్థితి అన్నిటికన్నా అధ్వానం.

డెడ్‌లిఫ్ట్ (నేల మీదున్న బరువుల రాడ్‌ని పైకి లేపడం) చేసేటప్పుడు గమనించండి. రాడ్‌ని గట్టిగా పట్టుకోగానే ముంజేతి కండరాలు బిగుసుకుంటాయి, మణికట్టు దగ్గర నరాలు పైకి తేలతాయి, వాచ్ కింద చర్మం లాగినట్టవుతుంది. ఆకుపచ్చ లైటు చర్మంలోకి పంపి, రక్తం ఎంత పీల్చుకుందో చూసి నాడిని పట్టుకునే సెన్సర్ అది. కింద ఉన్నదంతా కదిలిపోతుంటే ఏం పట్టుకుంటుంది? సెట్ మధ్యలో గుండె దడదడలాడుతున్నప్పుడు తక్కువ చూపిస్తుంది, రాడ్ కింద పెట్టి ఊపిరి పీల్చుకుంటున్నప్పుడు అంకె పైకి పోతుంది. పుషప్ చేస్తే మణికట్టు వెనక్కి మడుచుకుని వాచ్ అంచు చేతిలోకి గుచ్చుకుంటుంది. కెటిల్‌బెల్ (పిడి ఉన్న ఇనుప గుండు) అయితే నేరుగా వాచ్ మీదే పడుతుంది.

సరే, ఛాతీ పట్టీ కట్టి గుండె వేగం కచ్చితంగా తీసుకున్నారనుకుందాం. అప్పుడూ కేలరీలు తప్పుతాయి. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడతాం, రక్తపోటు లేస్తుంది, గుండె వేగం పెరుగుతుంది. ఆక్సిజన్ వాడకం మాత్రం ఆ స్థాయిలో పెరగదు. వాచ్‌కి అది తెలియదు కాబట్టి పరుగెత్తుతున్నారనుకుని ఎక్కువ రాస్తుంది. నా మాటగా చెప్పాలంటే, బరువుల రోజున కేలరీల అంకె చూడకండి. ఎంత బరువు, ఎన్నిసార్లు, ఎన్ని సెట్లు అని రాసుకోండి. నాలుగు నెలల తర్వాత మీకు పనికొచ్చేది ఆ పుస్తకమే.

లెక్కలమాస్టారు

పరికరం లేకుండానే ఒక అంచనా వేసుకోవచ్చు. కొనేముందు అది చేతిలో ఉంటే పరికరం ఎంత దూరం పోతోందో తెలుస్తుంది.

మెట్ అని ఒక కొలమానం ఉంది. ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యేది 1 మెట్. కిలో బరువుకి గంటకి సుమారు 1 కిలోకేలరీ అని లెక్క. ఏ పనికి ఎన్ని మెట్‌లో పరిశోధకులు 1993లో ఒక పెద్ద పట్టిక తయారుచేశారు, తర్వాత సవరిస్తూ వచ్చారు. 2011 పట్టికలో గంటకి 5.6 కిలోమీటర్ల వేగంతో చదునైన నేల మీద నడకకి 4.3 మెట్‌లు.

70 కిలోల మనిషి ముప్పావు గంట అలా నడిస్తే 4.3 × 70 × 0.75. అంటే 226.

ఇప్పుడు అసలు విషయం. ఈ 226లో ఆ ముప్పావు గంట కుర్చీలో కూర్చున్నా ఖర్చయ్యేది కూడా కలిసి ఉంది. అది తీసేస్తే 3.3 × 70 × 0.75, అంటే 173. నడవడం వల్ల అదనంగా ఖర్చయింది ఇదే. మీ తిండి యాప్ రోజువారీ ఖర్చుని ముందే లెక్కలో వేసుకుని ఉంటుంది. దాని మీద మళ్లీ 226 కలిపితే అందులో 53 రెండుసార్లు పడుతుంది. వాచ్‌లన్నీ ఒకే అంకె చూపించవు. ఆపిల్ వాచ్‌లో మూవ్ అనే వలయం అదనపు ఖర్చునే చూపిస్తుంది. ఫిట్‌బిట్‌లో రోజు మొత్తం కేలరీలంటే నిద్రలో ఖర్చయినవి కూడా అందులోనే ఉంటాయి. ఏ పరికరం కొన్నా, అది చూపించేది మొత్తమా, అదనమా అన్నది మొదటి రోజే తేల్చుకోండి. చాలామంది వాచ్ తప్పు చెబుతోందని అనుకునే చోట సగం గొడవ దీనివల్లే.

గుండెలయ

మాస్టారూ, చిన్న సవరణ. ఆ 1 మెట్ అన్నది ఒప్పందం కోసం పెట్టుకున్న అంకె, నిమిషానికి కిలోకి 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్. చాలామందికి కూర్చున్నప్పటి అసలు ఖర్చు అంతకన్నా తక్కువే. వయసు పెరిగినవాళ్లకి, కొవ్వు శాతం ఎక్కువున్నవాళ్లకి మరీ. ఉదాహరణకి 70 కిలోల బరువు, 160 సెంటీమీటర్ల ఎత్తు, 45 ఏళ్ల వయసు ఉన్న స్త్రీకి, విశ్రాంతిలో ఖర్చుని అంచనా వేసే మిఫ్లిన్ సూత్రం వేస్తే విశ్రాంతిలో రోజుకి 1314 కిలోకేలరీలు వస్తాయి. గంటకి 55. మెట్ లెక్కలో 70 అనుకుంటున్నాం. కాబట్టి పట్టిక లెక్క కూడా కాస్త ఎక్కువే చెబుతుందని గుర్తుపెట్టుకోవాలి.

లెక్కలమాస్టారు

ఒప్పుకుంటున్నాను. అందుకే దాన్ని అంచనా అన్నాను. ఇంకో సంగతి, ట్రెడ్‌మిల్ పక్కనుండే కడ్డీలు పట్టుకుని నడిస్తే శరీరం బరువు కొంత వాటిమీద పడుతుంది, ఖర్చు తగ్గుతుంది. యంత్రానికి ఆ సంగతి తెలియదు, వేగం, వాలు మాత్రమే చూసి రాసేస్తుంది. చేతికి వాచ్ ఉంటే ఇంకో చిక్కు. చెయ్యి ఊగదు కాబట్టి అడుగులు కూడా తప్పుగా పడతాయి.

కొత్తబూట్లు

మొత్తం, అదనం అన్న తేడా ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు. ఇప్పుడే చూశాను, నా ఫోన్ యాప్ మొత్తమే చూపిస్తోంది.

ఇంకో విషయం ముందే చెప్పాల్సింది. నేను బీపీకి మాత్ర వేసుకుంటాను, బీటా బ్లాకర్. ఎంత వేగంగా నడిచినా గుండె వేగం పెద్దగా పెరగదు, చెమట మాత్రం బాగా పడుతుంది. దీనివల్ల ఏమైనా తేడా వస్తుందా?

గుండెలయ

చాలా తేడా వస్తుందండీ. మీకు ఇచ్చే సలహా మొత్తం దీంతో మారుతుంది.

బీటా బ్లాకర్ గుండె వేగాన్ని అణిచిపెడుతుంది. మీ కండరాలు చేసే పని, వాడే ఆక్సిజన్ మాత్రం దాదాపు అంతే. వాచ్ తక్కువ గుండె వేగం చూసి, ఈమె మెల్లగా నడుస్తోంది అనుకుని తక్కువ కేలరీలు రాస్తుంది. అందరికీ వచ్చే తప్పు ఒకవైపైతే మీకు వచ్చేది ఇంకోవైపు. వాచ్ చూపించే గుండె వేగం జోన్లు (తేలిక, మధ్యస్థం, గట్టి శ్రమ అని విడగొట్టే మెట్లు) కూడా మీకు వర్తించవు. అవి 220 లోంచి వయసు తీసేసి కట్టే లెక్క మీద నడుస్తాయి. ఆ అంకె దాకా తీసుకెళ్లాలని బలవంతంగా పరుగెత్తకండి.

మీకు కావాల్సింది శ్రమని లోపలినుంచి అంచనా వేసుకోవడం. స్వీడన్‌కి చెందిన గున్నార్ బోర్గ్ 6 నుంచి 20 వరకు ఒక కొలబద్ద ఇచ్చాడు. 6 అంటే ఏ శ్రమా లేదు, 20 అంటే ఇక చేతకాదు. 12, 13 దగ్గర కొంచెం కష్టంగా ఉంటుంది. ఇంకా తేలిక పద్ధతి: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. మధ్యస్థ శ్రమ అంటే అదే. మీ డాక్టర్‌ని అడిగి మీకు ఎంతవరకు సురక్షితమో తెలుసుకోండి. ఏ కారణంగానూ మాత్ర మీ అంతట మీరు ఆపకండి, వేళ మార్చకండి.

పరికరం విషయానికొస్తే, గుండె వేగం మీదే మొత్తం ఆధారపడేదానికన్నా, నడకలో వేగం, దూరం, ఎత్తుపల్లాలు కూడా లెక్కలోకి తీసుకునే జీపీఎస్ వాచ్ మీకు నయం.

పరుగుపిచ్చి

నడకకీ పరుగుకీ దూరమే మంచి ఆధారం, ఇది గుండెలయ గారి మాటకి తోడు. చదునైన దారిలో పరుగుకి కిలో బరువుకి కిలోమీటరుకి దాదాపు 1 కిలోకేలరీ. వేగంగా పరుగెత్తినా మెల్లగా పరుగెత్తినా పెద్ద తేడా ఉండదు, త్వరగా అయిపోతుందంతే. నడకకి అదనపు ఖర్చు ఇందులో సుమారు సగం. మీ దూరం, మీ బరువు తెలిస్తే చాలు, గుండెతో పని లేకుండా లెక్క వచ్చేస్తుంది.

నీటిపిట్ట

ఈత గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను.

నీళ్లలో మణికట్టు సెన్సర్‌కి రెండు కష్టాలు. ఒకటి, వాచ్‌కీ చర్మానికీ మధ్య నీళ్లు చేరతాయి. రెండు, ప్రతిసారీ చెయ్యి నీటిని చీల్చుకుంటూ పోతుంటే వాచ్ కొద్దికొద్దిగా జరుగుతుంటుంది. గట్టిగా బిగిస్తే నయం గానీ పూర్తిగా పోదు. ఛాతీ పట్టీ కట్టుకుంటే గోడని తన్ని తిరిగేటప్పుడు కిందికి జారుతుంది. ఒంటికి పట్టినట్టుండే ఈత దుస్తుల లోపల అయితే నిలుస్తుంది. ఇంకో చిక్కు, బ్లూటూత్ నీళ్లలో పోదు. ఛాతీ నుంచి చేతికి సమాచారం అందదు. అందుకే తనలోనే దాచుకుని ఒడ్డుకి వచ్చాక పంపే పట్టీలు ఉన్నాయి. పోలార్ హెచ్10 అలా ఒక సెషన్ దాచుకోగలదు. పోలార్ వెరిటీ సెన్స్ అయితే మోచేతి పైనో కిందో కట్టుకోవచ్చు, కళ్లద్దాల పట్టీకి తగిలించి కణత దగ్గర పెట్టుకోవడానికి క్లిప్ కూడా ఇస్తారు. కణత దగ్గర కదలిక తక్కువ కాబట్టి నాడి బాగా దొరుకుతుంది.

వాచ్ మీద 5 ఏటీఎమ్ (ఎంత నీటి ఒత్తిడిని తట్టుకుంటుందో చెప్పే గుర్తు) అని చూసి 50 మీటర్ల లోతుకి వెళ్లొచ్చని అనుకోకండి. అది కదలకుండా ఉన్న నీటిలో ఒత్తిడి పరీక్ష. కొలనులో ఈతకి సరిపోతుంది. క్లోరిన్ నీళ్లలోంచి రాగానే మామూలు నీళ్లతో కడిగి ఆరబెట్టండి, లేకపోతే పట్టీ కింద చర్మం కందిపోతుంది. ఈతలో కేలరీల అంకెని అయితే నేను నమ్మను. ఒకే దూరానికి ఈత బాగా వచ్చినవాళ్లు ఖర్చు చేసే శక్తి, నేర్చుకుంటున్నవాళ్లు ఖర్చు చేసేదానికన్నా చాలా తక్కువ. వాచ్‌కి మీ ఈత ఎలా ఉందో తెలియదు.

తీరికవేళ

ఉంగరం నేను వాడుతున్నాను, ఔరా అనే కంపెనీది. నిద్రకి, పడుకున్నప్పటి గుండె వేగానికి హాయిగా ఉంది, పెట్టుకున్నట్టే తెలియదు. జిమ్‌కి మాత్రం తీసేస్తాను. రాడ్ పట్టుకుంటే లోహం మీద లోహం రాసుకుంటుంది, వేలు నొక్కుకుపోతుంది. వ్యాయామం చేసేటప్పుడు చూసుకోవడానికి స్క్రీన్ కూడా ఉండదు. అక్క అడిగిన పనికి ఉంగరం వద్దు.

రెండుచక్రాలు

చూశారా, ఒక్కొక్కరూ తమ వ్యాయామంలో అంకె పనికిరాదనే అంటున్నారు. నేను మొదట చెప్పిందీ అదే.

పరుగుపిచ్చి

అన్నా, అక్కడ మీతో ఒప్పుకోలేను. అంకె కచ్చితం కాకపోవడం వేరు, పనికిరాకపోవడం వేరు. ఒకే వాచ్, ఒకే చెయ్యి, ఒకే దారి, ఒకే వేగం. పోయిన నెల ఆ నడకకి 210 చూపించింది, ఈ నెల కూడా 210 దగ్గరే చూపిస్తే అది నిలకడగా తప్పుతోందన్నమాట. నిలకడ ఉన్న తప్పుని సరిచేసుకోవచ్చు. ఈ వారం పోయిన వారం కన్నా ఎక్కువ కదిలానా, తక్కువ కదిలానా అన్నది ఆ వాచ్ బాగానే చెబుతుంది. పరికరం మార్చినప్పుడు, చెయ్యి మార్చినప్పుడు మాత్రం పాత అంకెలతో పోల్చకూడదు.

రెండుచక్రాలు

పోల్చుకోవడానికి అయితే సరే. తినే లెక్కలో కూడడానికి వద్దు అంటున్నాను. వాచ్ 400 చూపించింది కదా అని ఇంకో 400 తినేవాళ్లని చూస్తూనే ఉన్నాను, బరువు అక్కడే ఆగిపోయి బాధపడతారు. అది చూస్తే నాకు కోపం వాచ్ మీదే వస్తుంది.

లెక్కలమాస్టారు

ఇద్దరి మాటా కుదిరే దారి ఒకటి ఉంది. వాచ్‌ని సరిచేయడానికి మీ బరువునే వాడుకోండి.

మూడు నాలుగు వారాలు తిన్నది నిజాయితీగా రాయండి. రోజూ పొద్దున ఒకే వేళకి బరువు చూసుకుని వారం సగటు తీయండి. ఒక్క రోజు అంకె చూడొద్దు, ఒంట్లో నీళ్లు అటూ ఇటూ అయితేనే కిలో తేడా వస్తుంది. కిలో కొవ్వుకి సుమారు 7700 కిలోకేలరీలు. రోజుకి సగటున 1700 తిని నాలుగు వారాల్లో కిలో తగ్గారనుకోండి. 7700ని 28తో భాగిస్తే 275. అంటే మీ అసలు ఖర్చు రోజుకి 1975 దగ్గర. అదే రోజుల్లో వాచ్ సగటున 2300 చూపిస్తే, మీ ఒంటికి అది ఎంత ఎక్కువ చెబుతోందో తేలిపోయింది. బీటా బ్లాకర్ వల్ల తక్కువ చూపిస్తే అదీ తేలుతుంది. ఏ కంపెనీ సూత్రమూ మీ గురించి ఇంత తెలుసుకోలేదు.

గుండెలయ

మాస్టారి పద్ధతి నాకు బాగా నచ్చింది. దీనికి ఇంకో మేలు కూడా ఉంది. వ్యాయామం పెంచితే ఆ రోజు మొత్తం ఖర్చు అంతకంతా పెరగకపోవచ్చు. హెర్మన్ పాంట్జర్ అనే పరిశోధకుడి బృందం 2012లో టాంజానియాలోని హడ్జా అనే వేటగాళ్ల సమూహాన్ని పరిశీలించింది. వాళ్లు రోజంతా నడుస్తూ, తవ్వుతూ ఉంటారు. అయినా శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుని చూస్తే వాళ్ల మొత్తం ఖర్చు, కూర్చుని పనిచేసే దేశాలవాళ్ల కన్నా ఎక్కువేమీ లేదు. శరీరం మిగతా పనుల్లో పొదుపు చేసుకుంటుందని ఆయన వివరణ. ఎంతమేరకు అన్నదాని మీద వాదనలు ఉన్నాయి. కానీ వాచ్ ఒక్కో వ్యాయామాన్ని విడిగా లెక్కేసి కలుపుతుంది, ఈ సర్దుబాటు దానికి కనిపించదు. బరువు సగటులో మాత్రం అది కూడా కలిసే ఉంటుంది.

వ్యాయామం వల్ల మేలు కేలరీల్లోనే లేదు కదండీ. మీ బీపీకి ఆ నడక చేసే మంచి ఏ అంకెలోనూ రాదు. అంకె చిన్నదిగా ఉందని మానేయకండి.

కొత్తబూట్లు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నేను ఇలా అనుకుంటున్నాను. జీపీఎస్ ఉన్న మామూలు వాచ్ ఒకటి, పెద్ద మోడల్ ఏమీ వద్దు. బయటి సెన్సర్‌ని కలుపుకునే వీలు ఉండాలి, తర్వాత కావాలంటే చేతి పట్టీ కొనుక్కుంటాను. నడకకి దూరం లెక్క చూసుకుంటాను. బరువుల రోజున ఇనుపరాడ్ గారు చెప్పినట్టు పుస్తకం. ఈతలో నిమిషాలు మాత్రమే రాసుకుంటాను. తిండి యాప్‌కి వాచ్‌ని కలపను, మాస్టారి లెక్క నెల తర్వాత వేసి చూస్తాను. ఇంకేమైనా వదిలేశానా? అలాగే ఏ చేతికి పెట్టుకోవాలి, ఎంత బిగుతుగా?

ఇనుపరాడ్

బాగా తేల్చారు. బయటి సెన్సర్ కలుస్తుందా అన్నది కొనేముందు తప్పకుండా చూడండి. సన్నటి బ్యాండ్లలో చాలావాటికి ఆ వీలు ఉండదు. మీ తిండి యాప్‌లో "వ్యాయామ కేలరీలు కలుపు" అన్న సెట్టింగ్ దానంతటదే ఆన్‌లో ఉండొచ్చు, అది ఆపేయండి.

పరుగుపిచ్చి

అక్కా, మీరు రాసే చెయ్యి కాకుండా రెండో చేతికి పెట్టుకోండి. యాప్‌లో ఏ చెయ్యి అని అడుగుతుంది, అక్కడ కూడా అదే ఇవ్వండి. మణికట్టు ఎముక మీద కాదు, దానికి వేలు వెడల్పు పైకి. నడక మొదలుపెట్టే ముందు ఒక రంధ్రం బిగించండి, చర్మం మీద జారకూడదు, వేళ్లు తిమ్మిరెక్కకూడదు. అయిపోగానే మళ్లీ వదులు చేసేయండి. సెన్సర్ ఉన్నచోట టాటూ ఉంటే రెండో చెయ్యే నయం, సిరా లైటుని అడ్డుకుంటుంది. వెనక గాజు మీద చెమట, క్రీమ్ పేరుకోకుండా తడిగుడ్డతో తుడవండి. బరువు తగ్గుతున్నారు కాబట్టి నెలకోసారైనా యాప్‌లో మీ బరువు మార్చండి, లేకపోతే పాత బరువుతోనే లెక్కేస్తుంటుంది.